మన ఊళ్లో ఇళ్ల సంఘం పెట్టుకోవచ్చా?

ఈసారి గోడపత్రికకి పాఠం రాయమని వార్డెన్ మేడమ్ గారు అన్నారు. నేను గృహనిర్మాణ సహకార సంఘం గురించి రాస్తున్నాను. పేరు పెద్దది గాని పని మనకి తెలిసిందే.

మా ఊళ్లో గడ్డిల్లు కప్పడానికి ఎవరూ కూలి తీసుకోరు. ఊరంతా వస్తారు. ఒకరు గడ్డి అందిస్తే ఒకరు అడ్డనారతో కడతారు. ఇంటివాళ్లు అంబలి పోస్తారు. రేపు వాళ్లిల్లు కప్పితే మనం వెళ్లాలి. ఎవరూ రాసిపెట్టరు, ఎవరూ మరిచిపోరు.

సిమెంటు ఇల్లు అనేసరికి ఎవరి బాధ వాళ్లదే. 2016లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన (గ్రామీణ)లో కొండ ప్రాంతంలో ఇంటికి 1,30,000 రూపాయలు. పని జరిగే కొద్దీ విడతలుగా ఇస్తారు. సామాను కోసం మా అయ్య ఒక మేస్త్రీ దగ్గర అప్పు చేశాడు. కాగితం మీద ఏదో రాసి వేలిముద్ర వేయించుకున్నారు. అప్పుడు నేను రెండో తరగతి. మొన్న సెలవుల్లో ఆ కాగితం చదివాను. సిమెంటు 60 బస్తాలు అని ఉంది. అయ్య మోసినవి 38. మా ఊరిదాకా జీపు రాదు, అన్నీ తనే మోశాడు గనక లెక్క మరిచిపోలేదు. గోడలు లేచాయి, కప్పు పడలేదు. మేం ఇంకా గడ్డింట్లోనే ఉంటున్నాం.

సంఘమైతే పది ఇళ్లవాళ్లు వాటా డబ్బు వేసుకొని రిజిస్టరు చేయించుకుంటారు. సామాను ఒకేసారి కొంటే బేరమాడొచ్చు, జీపు కిరాయి పంచుకోవచ్చు. వాటా ఎంత ఉన్నా మనిషికి ఒకటే ఓటు, ఆడవాళ్లకైనా అంతే. మన చింతపండు కొనే జి.సి.సి. కూడా 1956లో పెట్టిన సహకార సంస్థే.

1/70 చట్టం మనకి తెలుసు. ఏజెన్సీలో భూమి గిరిజనులకే రాయాలి. అందులో ఇంకో మాట కూడా ఉందని సోషల్ సారు చెప్పారు. 1964 సహకార చట్టం కింద రిజిస్టరై, సభ్యులందరూ గిరిజనులే అయిన సంఘానికి కూడా భూమి రాయొచ్చంట. అంటే ఇళ్ల స్థలం సంఘం పేరున ఉండొచ్చు. ఇది విని నాకు ఆశ్చర్యమేసింది.

సంఘం పెడితే మోసం ఉండదని కాదు. లెక్క రాసేవాడే తినేస్తే? అందుకని పుస్తకం నెలనెలా అందరి ముందు పైకి చదవాలి. అయ్యకి ఇదంతా చెప్పాను. "చదివేదెవరు?" అన్నాడు. "నేను" అన్నాను. "నువ్వు హాస్టల్లో ఉంటావు కదమ్మా" అన్నాడు.

మీ ఊళ్లో పొదుపు సంఘం పుస్తకం రాసే అక్క ఉంటే, ఎలా రాస్తారో అడిగి నాకు చెప్పండి. నేను మెట్ల పక్క గదిలో ఉంటాను.

— 9వ తరగతి విద్యార్థిని