గేటు పడే వేళ చూసుకుని బయల్దేరండి

నంద్యాల

అమ్మడూ,

నువ్వు పంపిన ప్రయాణపు పట్టిక ప్రింటు తీయించుకుని, కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివాను. నాలుగు రోజులు, ఇరవై ఒక్క చోట్లు, గడికో రంగు. చూడ్డానికి ముచ్చటగా ఉంది గానీ పేచీ మొదటి గడిలోనే ఉంది. శంషాబాదులో సాయంత్రం దిగి, ఏడింటికి బండెక్కి, రాత్రి రోడ్డు ఖాళీ కాబట్టి పదకొండుకల్లా శ్రీశైలంలో ఉంటామని రాశావు. ఉండరు, మన్ననూరులో ఉంటారు. అక్కడ అటవీశాఖ గేటు రాత్రి తొమ్మిదికి పడితే మళ్లీ లేచేది పొద్దున ఆరింటికే. దోర్నాల వైపు నుంచి వచ్చినా ఇదే వరస. నల్లమల పెద్దపులుల అభయారణ్యం, రాత్రిపూట ఆ దారి వాటిది. నెత్తిన సామాను, ఒళ్లో నిద్రపోయే పిల్లాడు, పక్కన మోకాళ్ల నొప్పితో మీ అత్తగారు. గేటు దగ్గర తెల్లవార్లూ ఎట్లా కూర్చుంటారు? ఆ రాత్రికి హైదరాబాదులో పడుకుని తెల్లారి బయల్దేరండి. మన్ననూరు దాటాక కృష్ణ కనిపించేదాకా అంతా అడవే. పగలు ఆ దారిన రావడమే ఒక చూడాల్సిన సంగతి. నీ పట్టికలో దానికి గడి లేదు.

పారిస్‌లో మ్యూజియం పాసుతో తిరిగినట్టు ఇక్కడా అన్నిటికీ కలిపి ఏదైనా పాసు ఉందా అని అడిగావు. లేదు తల్లీ. రోప్‌వేకి ఒక టికెట్టు, బోటుకు ఒకటి, బెలూం గుహలకు ఒకటి, స్పర్శ దర్శనానికి వేరే. అయినా నీ పాసు సంగతి పోయినసారి నువ్వే చెప్పావు కదా. రెండు, నాలుగు, ఆరు రోజుల పాసులుంటాయని, మొదటి మ్యూజియంలో అడుగు పెట్టిన నిమిషం నుంచి 48 గంటలో 96 గంటలో లెక్క నడుస్తుందని, లూవ్ర్‌కి మంగళవారం సెలవు, ఓర్సేకి సోమవారం సెలవు అని, పాసు చేతిలో ఉన్నా లూవ్ర్‌కి వేళ ముందే ఖాయం చేసుకోవాలని. మరి పాసు నీకు మిగిల్చింది కాస్త డబ్బు. ఏ తలుపు ఏ రోజు మూసి ఉంటుందో కూర్చుని లెక్క కట్టింది నువ్వే. అక్కడ అంత జాగ్రత్తగా కట్టినదానివి, సొంత జిల్లాకు వచ్చేసరికి ఊళ్ల పేర్లు మాత్రమే రాసుకున్నావేమిటి? ముందు మూసే వేళలు రాయి, వాటి మధ్య ఊళ్లను సర్దు. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా ఆ సర్దుబాటు.

కార్తీక సోమవారం నాడు శ్రీశైలం పెట్టావు. ఆ రోజు పుణ్యం ఎక్కువే, కాదనను. ఆ పుణ్యం కోసం రెండు తెలుగు రాష్ట్రాలూ అక్కడే ఉంటాయి. అట్లాంటి రద్దీ రోజుల్లో స్పర్శ దర్శనం ఆపి అలంకార దర్శనంతో సరిపెడతారు. మల్లన్న లింగాన్ని చేత్తో తాకాలని మీ అత్తగారికి ఏళ్ల కోరిక అన్నావు కాబట్టి, బుధ గురువారాలకు జరుపు. టికెట్టు దేవస్థానం వాళ్ల దగ్గర ముందే ఆన్‌లైన్‌లో తీసుకో. అల్లుడుగారికి పంచె, కండువా సంచిలో పైనే ఉండాలి, అడుగున కాదు.

మొదటి రోజు మధ్యాహ్నానికి చేరతారు. భోంచేసి నడుం వాల్చండి. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడే వేళకు గుడి బయట ప్రాకారం చుట్టూ నడవండి. నీ ఇరవై ఒక్క చోట్లలో ఇది లేదు. మ్యూజియం అని నువ్వు దేన్నంటావో అది ఆ గోడే. వరసల మీద వరసలుగా రాతిలో ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్లు, నాట్యం చేసేవాళ్లు, శివుడి కథలు. నడినెత్తి ఎండలో అన్నీ చప్పిడిగా కలిసిపోతాయి. వాలుపొద్దులో ఒక్కొక్క గీత నీడ పట్టి పైకి లేస్తుంది. ఏనుగు తొండం చుట్ట దగ్గర కాసేపు నిలబడి చూడు, పక్కనున్న ఏనుగు అట్లా ఉండదు. జనం ఆ గోడ పక్కనే క్యూలో నిలబడి ఫోన్లు చూసుకుంటుంటారు. మావాళ్లూ అంతే, ఎంత చెప్పినా వినరు. దీనికి టికెట్టు లేదు కాబట్టి విలువ లేదేమో! ఉత్తర గోపురానికి శివాజీ పేరు చెబుతారు. ఆయన 1677లో ఈ కొండకు వచ్చాడు. అంతకుముందు విజయనగర రాజులు మండపాలు కట్టించారు. ఆ కథలు పిల్లాడికి గోడ ముందు నిలబడి చెప్పు, గదిలో కాదు.

రెండో రోజు తెల్లవారుజామున దర్శనం. పాతాళగంగకు రోప్‌వే మీద దిగండి, మెట్లదారి జోలికి పోవద్దు. అక్కమహాదేవి గుహల బోటు నీటిమట్టాన్ని బట్టి, జనం చేరేదాన్ని బట్టి నడుస్తుంది. ఇక్కడ ఫోన్లో ఖాయంగా చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు, పొద్దున్నే రేవుకు పోయి అడగాల్సిందే. కుదిరితే వెళ్లండి. పన్నెండో శతాబ్దంలో కన్నడ దేశం నుంచి ఒంటరిగా నడిచి వచ్చిన ఆ తల్లి తపస్సు చేసిందంటారు అక్కడ. లోపల దారి ఇరుకు, వంగి పోవాలి, అత్తగారు పడవలోనే ఉంటే మేలు. కుదరకపోతే బెంగ వద్దు, చెంచులక్ష్మి గిరిజన మ్యూజియానికి పొండి. చిన్నదే. చెంచుల విల్లంబులు, బుట్టలు, వాద్యాలు ఉంటాయి. మల్లన్నను చెంచు మల్లయ్య అని సొంతవాడిగా పిలుచుకునే జనం వాళ్లు. అహోబిలం నరసింహుడు మనువాడింది కూడా చెంచు పిల్లనే. అది చూసి ఆనక అహోబిలం ఎక్కితే రెండు కొండలకూ చుట్టరికం ఎక్కడుందో తెలుస్తుంది.

డ్యాము కోసం పూట కేటాయించకు. పన్నెండు గేట్లూ ఎత్తి నురగలు కక్కే బొమ్మ నువ్వు చూసింది వరద రోజులది. కార్తీకానికి మామూలుగా గేట్లు దించే ఉంటాయి. వచ్చేదారిలో బండి ఆపి చూస్తే చాలు.

"లోకల్ సైట్‌సీయింగ్" అని మరో పూట రాసి సాక్షి గణపతి, పాలధార పంచధార, హటకేశ్వరం, శిఖరం అన్నీ తిరిగి మళ్లీ గదికి వస్తామన్నావు. అవన్నీ దోర్నాల దారిలోనే ఉన్నాయి. మూడో రోజు గది ఖాళీ చేసి వెళ్లిపోతూ ఒక్కొక్కటీ చూసుకోండి. పాలధారకు మెట్లు దిగి ఎక్కాలి, అత్తగారు హటకేశ్వరం దగ్గర ఆగుతారు.

ఆ రోజు నంద్యాలకు గంటన్నర అని వేశావు. ఒకే జిల్లా కదా అనుకున్నావేమో. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు శ్రీశైలం మాకు వచ్చింది గానీ దారి రాలేదు. ఆత్మకూరు నుంచి కొండకు అడ్డంగా ఉన్నది శివరాత్రికి భక్తులు నడిచే అడవిబాట. వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా పోతుంది. కారు మాత్రం యాభై కిలోమీటర్లు ఘాట్‌లో దోర్నాల దిగి, అక్కడి నుంచి ఆత్మకూరు మీదుగా చుట్టి రావాలి. తక్కువలో తక్కువ నాలుగు గంటలు వేసుకో. మధ్యాహ్నానికి మా ఇంట్లో భోజనం, చల్లబడ్డాక మహానంది. ఆ కోనేట్లో రూపాయి బిళ్ల వేస్తే అడుగున బొమ్మో బొరుసో పైనుంచి కనబడుతుంది, నీళ్లు అంత తేట.

నీ పాసు లాంటిది మన పెద్దలు పెట్టకపోలేదు. నవనందులు. నంద్యాలలో మూడు, దారిలో మూడు, మహానంది దగ్గర మూడు. కార్తీకంలో పొద్దు పొడిచాక మొదలుపెట్టి పొద్దు గుంకేలోపు తొమ్మిదీ చూడాలని నియమం. ఆటోలు పొద్దున్నుంచీ కట్టుకుని తిరుగుతారు. సంకల్పం చెప్పుకుని వచ్చినవాళ్లకు అది వ్రతం. పట్టికలో టిక్కు పెట్టడానికి వచ్చినవాళ్లు ఆరో నందికల్లా కారులో నిద్రపోతారు. మీరు మహానంది ఒక్కటీ చూసి కోనేట్లో మునిగి రండి.

నాలుగో రోజే అసలు తగువు. అహోబిలం, యాగంటి, బెలూం మూడూ ఒకే రోజు రాశావు. బెలూం, యాగంటి బనగానపల్లె వైపు, అహోబిలం ఆళ్లగడ్డ వైపు. ఒకటి ఎంచుకో. బెలూం గుహలు గొప్పవే, 3,229 మీటర్ల పొడవులో ఒకటిన్నర కిలోమీటర్ల దాకా నడవనిస్తారు. కాని లోపల ఉక్క, అత్తగారు తట్టుకోలేరు. నా ఓటు అహోబిలానికి. అక్కడ కూడా తొమ్మిది నరసింహులూ అనకు. పావన నరసింహుడికి జీపు కావాలి, జ్వాలా నరసింహుడికి వాగుల వెంబడి బండల మీద నడక. మధ్యాహ్నం గుడి మూస్తారు కాబట్టి నంద్యాలలో చీకటితోనే లేచి ఎగువ అహోబిలం ముందు చూడండి. నువ్వూ అల్లుడుగారూ జ్వాల దాకా ఎక్కండి, పిల్లాడూ అత్తగారూ కింద ఆగుతారు, తోడుకు నేనుంటా. దిగువలో ప్రహ్లాద వరదుణ్ణి సాయంత్రం చూడొచ్చు.

ఆళ్లగడ్డలో గంటసేపు ఆగాలి, ఇది నా పట్టు. రోడ్డు పక్కనే శిల్పుల పందిళ్లు. పూర్తయిన విగ్రహాల కన్నా సగంలో ఉన్నవాటిని చూడు. రాయి మీద సున్నితంగా గీసిన కొలతల గీతలు, భుజం దాకా తేలి అక్కణ్ణుంచి ఇంకా బండగానే ఉన్న అమ్మవారు, ఉలి దెబ్బకు లేచే బూడిదరంగు దుమ్ము. మొదటి రోజు శ్రీశైలం గోడ మీద చూసిన ఏనుగు ఎట్లా పుట్టి ఉంటుందో అక్కడ ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. ఫొటో తీసే ముందు పనివాణ్ణి ఒకమాట అడుగు.

అట్లా ఇరవై ఒకటిలో పన్నెండు దాకా మిగిలాయి. పోయినవాటి మీద నీకు కోపం వస్తే మామిడికాయల కాలంలో ఇంకోసారి రా. బనగానపల్లె వైపు అప్పుడు పోదాం, యాగంటి బసవన్ననూ చూసినట్టుంటుంది.

తేదీలు మార్చి ఈ ఆదివారం లోపల చెప్పు. కార్తీకంలో కొండ మీద గదులు తొందరగా అయిపోతాయి, నేను ఇక్కడ నుంచి ప్రయత్నించాలి. బండి డ్రైవరు ఘాట్‌లో అలవాటున్న మనిషై ఉండాలని మాట్లాడుకునేటప్పుడే చెప్పు. అల్లుడుగారికి పొద్దున టిఫినుకు ఉగ్గాని, బజ్జి పడతాయో లేదో కనుక్కోమంది మీ పెద్దమ్మ.

ఇట్లు,
పెదనాన్న