దేహానికీ హక్కుంది

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) యువకుడు. పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజు. దైవప్రవక్త (స) వారించి, దేహానికి కూడా హక్కుందని ఆయనకు బోధించారు (బుఖారీ). ఆరాధన విషయమే ఇలా ఉంటే, సన్నబడాలని అన్నం మానేసే మన పిల్లల సంగతేమిటి? ఎదిగే వయసుకు పెద్దల బరువు పట్టికలు వర్తించవు. వయసు, ఎత్తు చూసి డాక్టరే చెప్పాలి.

ఇంట్లో ‘లడ్డూ’ అని పేరుపెట్టి పిలుస్తాం. ఎగతాళిని, మారుపేర్లను హుజురాత్ సూరా (49:11) నిషేధించింది.

హజ్రత్ ఆయిషా (రజి) ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స)తో పరుగుపందెం వేసి గెలిచారు. ఒళ్ళు చేశాక మళ్ళీ పందెం. ఈసారి ఆయన గెలిచి, దానికిది చెల్లన్నారు (అబూ దావూద్). నింద లేదు, పరుగే ఉంది!

5 నుంచి 17 ఏళ్ళ వారికి రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. రామగుండం ఎండలు తెలిసినవే. కనుక జ్యోతినగర్ పిల్లలు ఫజ్ర్ తర్వాత అరగంట వడిగా నడవాలి, ఎండ తగ్గాక అరగంట ఆటో, స్కిప్పింగో. కడుపులో మూడోవంతే ఆహారానికి (తిర్మిజీ). దావత్‌లో కూల్‌డ్రింకు బదులు నీళ్ళు. ఈ ప్రణాళికను పిల్లలే తమ చేత్తో రాసుకోవాలి. తండ్రికి ఉదయం షిఫ్టు పడిన వారం తల్లి వెంట నడవాలి.