పెరటితోటకు బెదురుబొమ్మ

పెరటితోట పెంచువారికి రెండు కాలములు మిక్కిలి జాగరూకత గలవి. విత్తు నాటిన వారమునందు పావురములును పిచ్చుకలును గింజలను ఏరుకొనిపోవును. మక్కకంకి పాలు పట్టినది మొదలు చిలుకలు గుంపులుగా వ్రాలి, పైపొరలను చీల్చి, ఒక్కొక్క కంకిని కొంచెము కొంచెము కొఱికి విడుచును. జగిత్యాల జిల్లాలోని బుగ్గారము ప్రాంతమున మక్కచేలు గలవారికే గాక, ఇంటి వెనుక రెండు సాళ్ల మక్కయు ఒక జామచెట్టును పెంచుకొనువారికి గూడ ఈ బాధ తెలిసినదే.

పిట్టలను తోలువారెవరు? పెద్దలు పొలమునకో కూలికో పోవుదురు. ఇంట మిగులువారు వృద్ధులును పిల్లలును. ఈ నాలుగు దినములు బడి మాని కావలియుండుమని బాలునితో చెప్పుట సులభము. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ఆఱు మొదలు పదునాలుగేండ్ల వఱకు గల ప్రతి బిడ్డకును ఉచిత విద్యను హక్కుగా నొసగినది. అయినను మంచెపై కూర్చున్న బాలునకు ఆ దినపు పాఠము తానుగా తిరిగి రాదు. కావున బెదురుబొమ్మ వట్టి వినోదవస్తువు గాదు. చక్కగా చేసినచో అది ఒక బిడ్డను బడికి పంపు సాధనము.

దీనిని జనులు దిష్టిబొమ్మ యనియు పిలుతురు. మనుష్యుల చెడుచూపు తగులకుండుటకై క్రొత్త యింటికి కట్టు బొమ్మకును అదియే పేరు. మేమిచట చెప్పునది మనుష్యుల చూపునకు గాదు, పక్షుల చూపునకు.

కావలసిన సామగ్రి: ఏడడుగుల గట్టి కఱ్ఱ యొకటి, నాలుగడుగుల వెదురుబద్ద యొకటి, వరిగడ్డి, సుతిలి, పాత కుండ, సున్నము, మసి, చినిగిన అంగీ, ధోవతి, రుమాలు, రెండు ఎండిన తాటాకులు. వీనిలో కొనవలసినది దాదాపుగా ఏమియు లేదు.

చేయు విధము: పొడుగు కఱ్ఱకు కొనకు ఒక అడుగు క్రిందుగా వెదురుబద్దను అడ్డముగా కట్టవలెను. అవి చేతులగును. అంగీ తొడిగి, ఱొమ్మునను భుజములయందును గడ్డి నింపవలెను. కాని మోచేతులకు దిగువను చొక్కాచేతులను ఖాళీగా విడువవలెను. గాలికి కదలునవి అవియే. ధోవతిని నడుమునకు గట్టి, అంచులను వదులుగా వ్రేలాడనీయవలెను. కుండకు సున్నము పూసి, అది ఆరిన పిదప మసితో పెద్ద కన్నులను, కనుబొమలను, మీసమును దిద్ది, తలక్రిందుగా కఱ్ఱపై బోర్లించి, రుమాలు చుట్టవలెను. కఱ్ఱ కొనకు కొంచెము గడ్డి చుట్టినచో కుండ కదలక నిలుచును. తాటాకులను చేతుల కొనలకు దారముతో వ్రేలాడగట్టినచో ఏ కొంచెము గాలికైనను గలగల ధ్వనించును. ముసలితాత పలుగు పట్టి వంగినట్లో, అవ్వ కొంగు నడుమున జెక్కినట్లో అమర్చినచో చూచువారికి ముచ్చటగా నుండును. పిల్లలకు చేతిపనియందు శ్రద్ధయు కలుగును. కఱ్ఱను ఒకటిన్నర అడుగు లోతున పాతవలెను.

ఇంతవఱకు చేసి ఊరకున్నచో పని సగమే. పక్షులు తెలివి గలవి. కదలని బొమ్మను కొన్ని దినములు చూచి, అది తమ్మేమియు చేయదని యెఱిగి, తుదకు దాని తలపైననే వ్రాలును. సంస్కృతమున గడ్డిమనుష్యునకు చంచ యని పేరు. గడ్డిబొమ్మవలె పనికిమాలి నిలిచియుండు మనుష్యుని గూడ చంచ యందురని పాణినీయ సూత్రములకు వ్యాఖ్యానము వ్రాసినవారు ఉదాహరించిరి. మన బొమ్మ అట్టి చంచ కారాదు.

దానికి ఉపాయములు మూడు. మొదటిది, రెండు మూడు దినముల కొకసారి బొమ్మను వేఱొక చోట పాతి, రుమాలునో అంగీనో మార్చవలెను. రెండవది, పంటకు ముప్పు గల దినములకు ముందు మాత్రమే నిలిపి, కోత కాగానే తీసివేయవలెను. ఏడాది పొడుగున నిలిచియున్న బొమ్మకు ఏ పిట్టయు వెఱవదు. మూడవది ముఖ్యమైనది. చిలుకలు విశేషముగా మేతకు వచ్చునది ఉదయమునను సాయంకాలమునను. ఆ వేళలయందు బొమ్మ ధరించినట్టి రుమాలునే మనమును చుట్టుకొని, తోటలో పావుగంటసేపు తిరిగి, డబ్బా వాయించి పిట్టలను తోలవలెను. అప్పుడు పక్షులకు బొమ్మ యేదో మనిషి యేదో తెలియదు. మనము పోయినను మన వెఱపు నిలిచియుండును. ఉదయమున పావుగంట తోలిన బాలుడు వేళకు బడి చేరగలడు.

జపాను దేశమున శికోకు దీవిలోని నాగోరో యను చిన్న పల్లెలో అయానో త్సుకిమి యను స్త్రీ విత్తనములను పక్షులు తినుచున్నవని తన తండ్రిని బోలిన బెదురుబొమ్మను చేసి నిలిపినది. దారిని పోవువారు దానిని అతడే యనుకొని పలుకరించిరట. పిదప ఆమె చేసిన బొమ్మలు ఆ పల్లెయందలి జనులకంటె అధికమైనవి. పల్లె విడిచి పోయినవారి స్థానమున బొమ్మలు నిలిచిన ఆ కథ చూడ వింతయే గాని, తలచిన దుఃఖకరము. మన పల్లెలో బొమ్మలు తోటలోను, బిడ్డలు బడిలోను ఉండుటయే మాకు ఇష్టము.

ఒక హెచ్చరిక. బెదురుబొమ్మ కోతులను ఎక్కువ కాల మాపజాలదు. వానికి కావలి వేఱుగా చూచుకొనవలెను. పక్షులకు విషము పెట్టుట ఎన్నడును తగదు. తెలంగాణ రాష్ట్రపక్షియైన పాలపిట్ట పురుగులను తిని రైతునకు మేలు చేయునది. గింజ తిను పిచ్చుక సైతము తన పిల్లలకు పురుగులనే మేపును. పక్షిని చంపక పంటనుండి దూరముగా నుంచుటయే ఈ బొమ్మ ధర్మము.

బాలబాలికలారా! ఈ సారి మక్క పాలు పట్టకమునుపే మీ యింటివారితో గూడి ఒక బొమ్మను చేయుడు. తలిదండ్రులారా! కావలికి బొమ్మను నిలిపి, బిడ్డను పాఠశాలకు పంపుడు.