గ్రాంటు సేనాని లేఖలు

నోట పలికిన మాట గాలిలో కలిసిపోవును. కాగితముపై వ్రాసిన మాట నిలుచును. పలికినవాడు మరచినను, వినినవాడు మరణించినను, వ్రాత మాత్రము తన సాక్ష్యమును తాను చెప్పుచునే యుండును. మనము పాఠశాలలో చదువుకొను చరిత్ర గ్రంథములు ఇట్టి వ్రాతల నుండియే పుట్టినవి. పాత జాబులు, ఉత్తరువులు, రసీదులు, న్యాయస్థానపు పత్రములు మున్నగువానిని ఓపికతో వెదకి, పోల్చి చూచినవారే చరిత్రకారులు. అమెరికా దేశపు సేనాని యగు గ్రాంటు పత్రముల కథ వినినచో ఒక మనుష్యుని వ్రాత అతనిని ఎట్లు కాపాడునో, ఎట్లు నిలదీయునో తెలియగలదు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1861 మొదలు 1865 వరకు ఘోరమైన అంతర్యుద్ధము జరిగినది. దక్షిణ రాష్ట్రములలో నీగ్రోలను బానిసలుగా నుంచి, వారిచే ప్రత్తిచేలలో పని చేయించుకొనుట ఆచారము. ఆ ఆచారమునకు భంగము కలుగునని తలచి ఆ రాష్ట్రములు సమాఖ్య నుండి విడిపోయినవి. దేశము రెండు ముక్కలు కాకుండ నిలుపుటకై అధ్యక్షుడు అబ్రహాము లింకను యుద్ధమునకు పూనుకొనెను. 1864లో ఉత్తర సైన్యములన్నింటికి అధిపతియై, మరుసటి సంవత్సరమున యుద్ధమును ముగించినవాడే యులిసెస్ గ్రాంటు. అతడు 1869 మొదలు 1877 వరకు దేశాధ్యక్షుడుగా కూడ నుండెను.

గ్రాంటు 1822వ సంవత్సరము ఏప్రిల్ 27వ తేదీన ఒహాయో రాష్ట్రములో జన్మించెను. తండ్రి తోళ్లు పదును చేయు వ్యాపారి. తల్లిదండ్రులు పెట్టిన పేరు హైరం యులిసెస్ గ్రాంటు. 1839లో వెస్టుపాయింటు సైనిక విద్యాలయమున చేరుటకు అతని పేరును సిఫారసు చేసిన శాసనసభ్యుడు పొరపాటున "యులిసెస్ ఎస్. గ్రాంటు" అని వ్రాసెను. పత్రములో నున్న పేరునే విద్యాలయమువారు స్థిరపరచిరి. బాలుడు కొంతకాలము పెనగులాడి, తుదకు ఆ పేరునే అంగీకరించెను. ఆ "ఎస్" అను అక్షరమునకు అర్థమే లేదు. ఒక్క కలపుపోటు మనుష్యుని పేరునే మార్చివేసినది! ఒకే పత్రమును నమ్మి తీర్పు చెప్పరాదనియు, మరికొన్ని పత్రములతో పోల్చి చూడవలెననియు ఈ చిన్న విషయమే మనకు నేర్పుచున్నది.

విద్య ముగిసిన పిమ్మట గ్రాంటు సెయింటు లూయీ నగర సమీపమున నున్న సైనిక స్థావరమునకు పోయెను. అచట తన సహాధ్యాయి సోదరి యగు జూలియా డెంటుతో అతనికి పరిచయము కలిగినది. 1844లో ఇరువురును వివాహము చేసికొన నిశ్చయించుకొనిరి. కాని ఇంతలో పటాలము దక్షిణమునకు కదలినది. 1846లో మెక్సికోతో యుద్ధము వచ్చినది. 1848 ఆగస్టులో వివాహము జరుగువరకు, ఆ నాలుగేండ్లలో, వారు ఒక్క పర్యాయము మాత్రమే కలిసికొనగలిగిరి. తక్కిన కాలమంతయు జాబులే వారికి దిక్కు. ఆ దినములలో టపా వచ్చుటకు వారములు పట్టెడిది. గుడారములో కూర్చుండి గ్రాంటు తాను చూచిన యుద్ధములను, ఊళ్లను, మనుష్యులను వర్ణించుచు, తన మనోవేదనను దాచక వ్రాయుచుండెను. జూలియా ఆ జాబులను భద్రముగా దాచెను. ఆమె అతనికి వ్రాసిన జాబులు మాత్రము చాలవరకు నిలువలేదు. అందుచేత ఆ సంభాషణలో నేడు ఒక గొంతు మాత్రమే మనకు వినబడుచున్నది. దాచిన చేయి ఎవరిదో, వారి వలననే ఎదుటివారి మాట బ్రతికినది.

గ్రాంటు జీవితమున కష్టకాలము ఒకటి కలదు. అతడు 1854లో సైన్యోద్యోగమును వదలి, మిస్సూరిలో వ్యవసాయము చేయ మొదలిడెను. పంటలు కలిసిరాలేదు. కట్టెలు కొట్టి, బండిపై వేసికొని నగర వీధులలో అమ్ముకొనెను. 1857 డిసెంబరు 23వ తేదీన, క్రిస్మసు పండుగకు రెండు దినముల ముందు, తన బంగారు గడియారమును గొలుసుతో కూడ తాకట్టు పెట్టి 22 డాలర్లు తెచ్చుకొనెను. ఆ తాకట్టు చీటీ దక్కినది. పిమ్మట దేశమునే ఏలిన మనుష్యుడు ఒకనాడు పిల్లలకు పండుగ గడపుటకై ఎంత ఇక్కట్టు పడెనో ఆ చిన్న చీటీ వేయి మాటలకంటె బాగుగ చెప్పుచున్నది.

ఆ కాలపు పత్రము మరియొకటి కలదు. గ్రాంటునకు మామగారి వలన విలియం జోన్సు అను బానిస సంక్రమించెను. అతని వయస్సు సుమారు 35 ఏండ్లు. అమ్మినచో పెద్ద మొత్తము వచ్చెడిది, అప్పులు తీరెడివి. కాని 1859 మార్చి 29వ తేదీన గ్రాంటు న్యాయస్థానమునకు పోయి, అతనిని శాశ్వతముగా స్వేచ్ఛాపరుని చేయుచు తన చేవ్రాలుతో పత్రము వ్రాసి యిచ్చెను. ఒక మనుష్యుడు మరియొక మనుష్యునికి యజమానిగా నుండుట తప్పే. గ్రాంటు ఆ తప్పునకు దూరముగా నుండలేదని ఆ పత్రమే చెప్పుచున్నది. ఇంటిలో పైకము లేని దినములలో ఆ తప్పు నుండి అతడు బయటపడెనని కూడ అదియే చెప్పుచున్నది. రెండును సత్యములే.

యుద్ధము రాగానే గ్రాంటు తిరిగి సైన్యమున చేరెను. అతని ఉత్తరువులు పొట్టిగాను, స్పష్టముగాను ఉండెడివి. యుద్ధభూమిలో సందిగ్ధమైన ఒక్క మాట వందలకొలది ప్రాణములు తీయగలదు. అందుచే చదివినవానికి రెండవ అర్థము తోచకుండునట్లు వ్రాయుట అతడు అలవరచుకొనెను. అతని కార్యాలయమున గుమాస్తాలు ఆ లేఖలకు నకళ్లు వ్రాసి పుస్తకములలో ఉంచిరి. అతనికి వచ్చిన లేఖలును నిలిచినవి. 1863 జూలై 4వ తేదీన మిసిసిపీ నదీతీరమున నున్న విక్స్‌బర్గు పట్టణము గ్రాంటునకు లొంగిపోయినది. ఆ యుద్ధతంత్రమును లింకను మొదట సందేహించెను. జూలై 13న ఆయన స్వయముగా జాబు వ్రాసి, నీవు చేసినదే సరియైనదనియు, తాను పొరబడితిననియు ఒప్పుకొనెను. దేశాధ్యక్షుడు తన క్రింది సేనానికి అట్లు వ్రాయుట సామాన్యమా?

అయితే గ్రాంటు పత్రములన్నియు అతనికి కీర్తి తెచ్చునవి కావు. 1862 డిసెంబరు 17వ తేదీన అతడు ఒక అన్యాయమైన ఉత్తరువు పంపెను. యుద్ధకాలమున కొందరు దొంగచాటుగా ప్రత్తి వ్యాపారము చేయుచుండిరి. ఆ నేరమును గ్రాంటు యూదుజాతి కంతకు అంటగట్టి, తన ఏలుబడిలో నున్న ప్రదేశము నుండి యూదులందరు వెడలిపోవలెనని శాసించెను. తప్పు కొందరిది, శిక్ష అందరికి! నిర్దోషులైన కుటుంబములు ఇండ్లు విడువవలసి వచ్చినది. యూదులు లింకనుతో మొరపెట్టుకొనగా, ఆయన 1863 జనవరిలో ఆ ఉత్తరువును రద్దు చేయించెను. 1868లో గ్రాంటు ఒక జాబులో తాను ఆలోచింపక ఆ యుత్తరువు నిచ్చితినని ఒప్పుకొనెను. దేశాధ్యక్షుడైన తరువాత 1876లో, రాజధాని నగరమున యూదుల నూతన ప్రార్థనామందిరపు ఉత్సవమునకు పోయి కూర్చుండెను. నేడు ఆ ఉత్తరువును, ఆ పశ్చాత్తాపపు జాబును రెండింటిని అతని పత్రములలో చదువవచ్చును. ఒకదానిని దాచి మరియొకదానిని చూపినచో అది చరిత్ర కాదు, పొగడ్త యగును.

గ్రాంటు వ్రాతలలో మిక్కిలి పేరు గన్నది 1865 ఏప్రిల్ 9వ తేదీ నాటిది. దక్షిణ సేనాని రాబర్టు లీ ఓటమి నంగీకరించి, వర్జీనియాలోని అపొమాటక్సు అను గ్రామమున ఒక గృహస్థుని యింట గ్రాంటును కలిసికొనెను. గ్రాంటు చిన్న బల్ల యొద్ద కూర్చుండి, లొంగుబాటు షరతులను తానే పుస్తకములో వ్రాసెను. సెనెకా తెగకు చెందిన ఆదివాసి యగు ఈలీ పార్కరు అను అధికారి దానికి సిరాతో చక్కని ప్రతి వ్రాసెను. ఆయుధములు అప్పగించి, ఇక యుద్ధము చేయమని మాట యిచ్చినవారు తమ యిండ్లకు పోవచ్చును. వారు మాట నిలుపుకొనునంతవరకు ప్రభుత్వము వారి జోలికి రాదు. ఇదియే దాని సారాంశము. దక్షిణ సైనికులు తమ సొంత గుఱ్ఱములను వసంతకాలపు సేద్యమునకై తీసికొని పోవుటకు అతడు అనుమతించెను. ఆకలితో నున్న ఆ సైన్యమునకు ఇరువదియైదు వేల మందికి సరిపడు ఆహారమును పంపించెను.

వ్రాయుట సులభము, వ్రాసినదానికి కట్టుబడుట కష్టము. రెండు నెలలు గడచునప్పటికే గ్రాంటు వ్రాతకు పరీక్ష వచ్చినది. 1865 జూన్‌లో లీ మొదలైనవారిపై రాజద్రోహ నేరము మోపబడినది. అప్పటికి లింకను హత్య చేయబడెను. క్రొత్త అధ్యక్షుడు ఆండ్రూ జాన్సను దక్షిణ నాయకులను శిక్షింపవలెనను పట్టుదలతో నుండెను. లీ గ్రాంటునకు జాబు వ్రాసెను. గ్రాంటు వెనుదీయలేదు. ప్రభుత్వము పక్షమున తాను వ్రాసి యిచ్చిన మాట తప్పరాదనియు, తప్పినచో తాను పదవిలో నుండననియు అతడు స్పష్టముగా చెప్పెను. అభియోగము ముందుకు సాగలేదు. నిన్నటి శత్రువునకు ఇచ్చిన మాటకై ఆ సేనాని తన పదవినే ఒడ్డెను.

అధ్యక్షపదవి ముగిసిన పిమ్మట గ్రాంటు ప్రపంచయాత్ర చేసెను. 1879లో మన దేశమునకును వచ్చి బొంబాయి, ఆగ్రా, ఢిల్లీ, కలకత్తా నగరములను చూచెను. తరువాత తన ధనమును ఒక వ్యాపార సంస్థలో ఉంచెను. భాగస్వామి చేసిన మోసము వలన 1884 మేలో ఆ సంస్థ కూలిపోయి, అతడు సర్వస్వము కోల్పోయెను. ఆ సంవత్సరమే గొంతులో కాన్సరు వ్యాధి బయటపడినది. తాను పోయినచో భార్య గతి యేమి? అప్పుడు గ్రాంటు తన స్మృతులు వ్రాయ సంకల్పించెను. ప్రసిద్ధ రచయిత మార్కు ట్వెయిను వాటిని తన సంస్థ ద్వారా ప్రచురించుటకు ఒడంబడిక చేసికొనెను. యుద్ధకాలపు ఉత్తరువులు, పటములు ముందుంచుకొని, బాధ నోర్చుకొనుచు గ్రాంటు వ్రాసెను. మాట పడిపోయినప్పుడు వైద్యునితో సైతము కాగితపు ముక్కలపై వ్రాసి సంభాషించెను. 1885 జూలైలో గ్రంథము ముగిసినది. కొలది దినములకే, జూలై 23వ తేదీన, అతడు కన్నుమూసెను. ఆ గ్రంథము వలన జూలియాకు నాలుగు లక్షల డాలర్లకు పైగా ముట్టినవి. ఆ వ్రాతప్రతి నేడు వాషింగ్‌టను నగరములోని కాంగ్రెసు గ్రంథాలయమున భద్రముగా నున్నది.

గ్రాంటు పత్రములు ఒక్కచోట లేవు. కొన్ని ప్రభుత్వ దస్త్రములలో, కొన్ని గ్రంథాలయములలో, మరికొన్ని గృహస్థుల పెట్టెలలో చెదరియుండెను. వాటిని సేకరించుటకు 1962లో ఒక సంఘము ఏర్పడినది. జాన్ సైమను అను పండితుడు ఆనాటి నుండి 2008లో తాను మరణించు వరకు ఆ పనికే అంకితుడయ్యెను. ఒక్కొక్క జాబునకు తేదీ నిర్ణయించి, నకలును మూలముతో పోల్చి, అందులోని వ్యక్తు లెవరో వివరించుట అతని నిత్యకృత్యము. 1967లో మొదటి సంపుటము వెలువడినది. 2012 నాటికి 32 సంపుటములు పూర్తియైనవి. సైమను మరణానంతరము ఆ సంగ్రహము మిసిసిపీ రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు చేరినది. 2017లో అచట దానికై నూతన మందిరము తెరువబడినది. విక్స్‌బర్గు ఆ రాష్ట్రములోనిదే. ఏ నేలను గ్రాంటు జయించెనో, ఆ నేలయే నేడు అతని లేఖలను కాపాడుచున్నది.

ఈ పత్రములు గ్రాంటును దేవునిగా చూపవు, దుర్మార్గునిగాను చూపవు. పేదరికము, ప్రేమ, తప్పు, పశ్చాత్తాపము, మాటపట్టు గల మనుష్యునిగా చూపును. మన యిండ్లలో కూడ తాతముత్తాతల జాబులు, భూమి కాగితములు పాత పెట్టెల అడుగున నుండవచ్చును. వాటిని చెదలపాలు చేయక భద్రపరచుట మన విధి. అంతకంటె ముఖ్యమైన విధి మరియొకటి కలదు. నేడు మనము వ్రాయు ప్రతి మాటయు రేపు మన పక్షముననో, మనకు ప్రతికూలముగానో సాక్ష్యము చెప్పును. కావున ఆలోచించి వ్రాయవలెను, వ్రాసినదానికి కట్టుబడవలెను.

ప్రశ్నలు

1. గ్రాంటు పేరు ఎట్లు మారినది? దానినుండి చరిత్ర విద్యార్థి నేర్చుకొనవలసిన దేమి?
2. విలియం జోన్సు విడుదల పత్రము తెలుపు రెండు సత్యము లెవ్వి?
3. 1862 నాటి ఉత్తరువు ఎందులకు అన్యాయమైనది? గ్రాంటు తరువాత ఏమి చేసెను?
4. అపొమాటక్సులో వ్రాసిన మాటను గ్రాంటు ఎట్లు నిలుపుకొనెనో మీ సొంత మాటలలో వ్రాయుడు.