మామిడి మొద్దు మీద తెల్ల విసనకర్రలు

వానాకాలంలో మన హాస్టల్ వెనుక పడి ఉన్న మామిడి మొద్దు మీద చిన్న చిన్న తెల్లని విసనకర్రల వంటివి మొలవడం మీరూ చూసే ఉంటారు. ఒకరోజు ఆరో తరగతి తమ్ముళ్ళు "పుట్టగొడుగులు!" అంటూ దోసెడు కోసి వంటగదికి తెచ్చారు. వంట చేసే అక్క మాత్రం "పేరు తెలియనిది పిల్లలకు వండి పెట్టను" అంది. ఆ పేరు తెలుసుకోవాలని పదో తరగతి విద్యార్థులమైన మేము సైన్సు మాస్టారి సాయంతో పరిశీలన మొదలుపెట్టాము. మేము చూసిన గుర్తులు ఇవి:

1. ఉనికి: నేల మీద కాదు, ఎండిన కర్ర మీద గుంపులుగా ఉంటాయి.
2. ఆకారం: కాడ దాదాపు ఉండదు. వెడల్పు 1 నుండి 4 సెం.మీ.
3. పైభాగం: తెలుపు లేదా బూడిద రంగు. చేత్తో తాకితే నూగు తగులుతుంది.
4. అడుగుభాగం: అసలు గుర్తు ఇదే. భూతద్దంతో చూస్తే సన్నని పలకలు, ప్రతి పలక అంచు నిలువునా రెండుగా చీలి కనిపిస్తాయి. ఎండకు ఆ చీలికలు ముడుచుకుంటాయి, తడిపితే మళ్ళీ విచ్చుకుంటాయి.
5. సిద్ధబీజాలు: నల్ల కాగితం మీద బోర్లించి, గ్లాసు మూసి రాత్రంతా ఉంచాము. తెల్లవారేసరికి తెల్లని పొడి రాలింది.

ఈ గుర్తులన్నీ కలిపి చూసి మాస్టారు దీని పేరు 'షైజోఫిల్లం కమ్యూన్' అని చెప్పారు. 1815లో స్వీడన్ శాస్త్రవేత్త ఎలియాస్ ఫ్రీస్ ఈ పేరు పెట్టాడు. షైజోఫిల్లం అంటే చీలిన ఆకు. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాలలోనూ ఇది ఉంది. చెట్ల మొదళ్ళలో పెరిగే గానోడెర్మా చెక్కలా గట్టిగా ఉంటుంది. దాని అడుగున పలకలకు బదులు సూదిమొనంత రంధ్రాలుంటాయి.

శిలీంధ్రాలకు పత్రహరితం లేదు. అందుకే ఇది తన తంతువులను కర్రలోకి పంపి, ఎంజైములతో దానిని కరిగించి ఆహారంగా తీసుకుంటుంది. ఇటువంటివి లేకపోతే పడిపోయిన చెట్లు మట్టిలో కలవవు.

మణిపూర్‌లో దీనిని 'కంగ్లాయెన్' పేరుతో వండుకుంటారు. ఈ మాట అక్కకు చెబితే, "మీకు తెలిసింది ఒక్కదాని పేరే కదా, మిగతావాటి సంగతేమిటి?" అంది. నిజమే. కొన్ని పుట్టగొడుగుల విషం ఉడికించినా పోదు. కాబట్టి తమ్ముళ్ళూ, చూడండి, బొమ్మ గీయండి, గుర్తులు రాసుకోండి. ఏది దొరికినా నోట మాత్రం పెట్టకండి!