కారు లోపలి అలంకరణ: మూడు సూత్రాలు

మీ మామయ్య ఒక కారు కొన్నాడనుకోండి. ఆదివారం ఉదయం మిమ్మల్ని వెంటబెట్టుకుని కారు సామాన్ల దుకాణానికి వెళ్ళాడు. అక్కడ రంగురంగుల సీటు కవర్లు, మెత్తని మ్యాట్లు, నీలి దీపాలు, పెద్ద పెద్ద స్పీకర్లు, డాష్‌బోర్డు మీద పెట్టుకునే బొమ్మలు! "ఏవి తీసుకుందామో నువ్వే చెప్పు" అన్నాడు మామయ్య. మీరేం చెబుతారు?

అందంగా ఉన్నవే చెబుతారు. అందులో తప్పులేదు. కాని కారు ఇంట్లో ముందుగది లాంటిది కాదు. అది ఎండలో కాగుతుంది, రోడ్డు మీద పరుగెత్తుతుంది, ఒక్కోసారి హఠాత్తుగా ఆగిపోతుంది. కనుక ప్రతి వస్తువునూ ఈ మూడు పరిస్థితుల్లో ఊహించుకుని చూడాలి. మీరు తరగతిలో చదువుకున్న భౌతికశాస్త్రం ఇక్కడ బాగా అక్కరకు వస్తుంది.

సీటు కవర్లు

వేసవిలో నీడలేని చోట నిలిపిన కారెక్కితే సీటు చురుక్కుమంటుంది. ఎందుకు? సూర్యకాంతి అద్దాల గుండా లోపలికి వచ్చి సీట్లను వేడెక్కిస్తుంది. వేడెక్కిన సీట్లు వెలువరించే పరారుణ కిరణాలు మాత్రం గాజు గుండా సులువుగా బయటికి పోలేవు. తలుపులు మూసి ఉండటం వల్ల వేడిగాలి కూడా లోపలే చిక్కుకుపోతుంది. నల్లని తలం కాంతిని ఎక్కువగా శోషించుకుంటుంది. కనుక నల్ల కవరు తెల్ల కవరుకంటే ఎక్కువ వేడెక్కుతుంది. రెగ్జిన్‌కు గాలి ఆడదు. చెమట ఆవిరి కాక వీపు తడిసిపోతుంది. మన ఎండలకు లేతరంగు గుడ్డ కవరే సుఖం.

ఇంకొక సంగతి. కొన్ని కార్లలో సీటు పక్కభాగంలోనే ఎయిర్‌బ్యాగ్ దాగి ఉంటుంది. పక్కనుంచి ఏదైనా గుద్దితే ఈ గాలిసంచి రెప్పపాటుకంటే ముందే ఉబ్బి, సీటు కుట్టును చీల్చుకుని బయటికి రావాలి. దానిమీద మామూలు కవరు బిగించి తొడిగితే దారి మూసుకుపోతుంది. అలాంటి సీటు అంచున 'ఎయిర్‌బ్యాగ్' అని రాసి ఉంటుంది. దానికి తగిన కవరు దొరకకపోతే అసలు కవరు వేయకపోవడమే మేలు.

కాళ్ళ కింద మ్యాట్లు

మ్యాట్‌తో ప్రమాదమేమిటి అంటారా? 2009 ఆగస్టులో అమెరికాలోని శాన్‌డియేగో నగరం దగ్గర ఒక కారు ఎంత ప్రయత్నించినా ఆగక, గంటకు 160 కిలోమీటర్లకు మించిన వేగంతో దూసుకుపోయింది. అందులోని నలుగురూ మరణించారు. వేరే మోడల్ బండికోసం తయారైన రబ్బరు మ్యాట్ అందులో వేశారు. అది ఆక్సిలరేటర్ పెడల్‌ను పట్టేసి ఉంటుందని దర్యాప్తు చేసినవారు భావించారు. ఆ తరువాత అదే సంవత్సరం ఆ కంపెనీ అమెరికాలోని సుమారు 38 లక్షల కార్ల యజమానులను మ్యాట్లు తీసివేయమని కోరింది.

కాబట్టి ఆ మోడల్‌కు కొలిచి చేసిన మ్యాట్‌నే ఎంచుకోవాలి. అది కొక్కేలకు గట్టిగా తగులుకోవాలి. పాత మ్యాట్ మీద కొత్తది వేయకూడదు. మ్యాట్ వేశాక, ఇంజను ఆపి ఉంచి, పెద్దవాళ్ళచేత పెడల్‌ను పూర్తిగా నొక్కించి వదిలించండి. అది ఎక్కడా తగలకుండా పైకి లేవాలి.

దీపాలు, స్పీకర్లు

కారు బ్యాటరీ 12 వోల్టులది. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 60 వాట్ల పరికరం 5 ఆంపియర్ల విద్యుత్తు తీసుకుంటుంది. 240 వాట్ల ఆంప్లిఫయరు 20 ఆంపియర్లు తీసుకుంటుంది. 5 ఆంపియర్లకు తగిన సన్నని తీగకే దాన్ని తగిలించామనుకోండి. తీగలో పుట్టే వేడి ప్రవాహపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. ప్రవాహం 4 రెట్లయితే వేడి 16 రెట్లు! తీగ తొడుగు కరిగి మంటలు లేవడానికి అది చాలు.

ఇలా జరగకుండా ఫ్యూజు ముందే కరిగి, ప్రవాహాన్ని ఆపేస్తుంది. మాటిమాటికీ ఫ్యూజు పోతోందని దాని స్థానంలో పెద్ద ఫ్యూజు వేయడం కాపలావాణ్ణి నిద్రపుచ్చడమే. పెద్ద పరికరానికి బ్యాటరీ నుంచి వేరే లావుపాటి తీగ, దానికి తగిన ఫ్యూజు ఉండాలి.

డాష్‌బోర్డు మీద బొమ్మ

కారు గంటకు 54 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 15 మీటర్ల వేగంతో పోతోంది. ఎదురుగా దేనికో గుద్దుకుని ఆగిపోయింది. మనుషులను సీటు బెల్టు పట్టి ఉంచుతుంది. కాని ఊడివచ్చిన బొమ్మను ఆపేదేది? జడత్వం వల్ల అది అదే వేగంతో ముందుకు పోయి, అద్దానికి తగిలి ఎటైనా ఎగరవచ్చు. కిలో బరువున్న ఇత్తడి బొమ్మకు అప్పుడుండే గతిశక్తి దాదాపు 112 జౌళ్ళు. నాలుగంతస్తుల మేడ మీదనుంచి జారవిడిచిన కిలో రాయి నేలను తాకేటప్పుడు ఉండే శక్తి కూడా సుమారు అంతే!

అసలు చిక్కు మరొకటి ఉంది. ముందుసీటు ఎదుట డాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ ఉంటే, దాని మూతమీద పెట్టిన బొమ్మను ఆ సంచే మనిషి ముఖం మీదికి విసరవచ్చు. దేవుడి ప్రతిమ పెట్టుకోవాలంటే చిన్నది, తేలికైనది చాలు. దాన్ని ఎయిర్‌బ్యాగ్‌కు దూరంగా, డ్రైవరు చూపుకు అడ్డురాకుండా గట్టిగా అతికించాలి.

ఇప్పుడు మామయ్యకు ఏం చెబుతారు? ఈ మూడు సూత్రాలు చెప్పండి: కారులో చేర్చే ఏ వస్తువూ ఊడి కదలకూడదు, పెడల్‌కు గాని, గాలిసంచికి గాని, చూపుకు గాని అడ్డురాకూడదు, అతిగా వేడెక్కకూడదు. ఈ పరీక్షలో నెగ్గిన వాటిలోంచి మీకు నచ్చిన రంగును హాయిగా ఎంచుకోవచ్చు.

చేసి చూడండి: ఒకే కొలత గల రెండు రేకు డబ్బాల్లో సమానంగా నీళ్ళు పోయండి. ఒకదానికి నల్ల కాగితం, మరొకదానికి తెల్ల కాగితం చుట్టి గంటసేపు ఎండలో ఉంచండి. థర్మామీటరుతో రెండింటి ఉష్ణోగ్రతలు చూసి రాసుకోండి.

ఆలోచించండి: కారు వేగం 54 నుంచి 108 కిలోమీటర్లకు పెరిగితే బొమ్మ గతిశక్తి ఎన్ని రెట్లవుతుంది?

(జవాబు: 4 రెట్లు. వేగం రెట్టింపయితే గతిశక్తి నాలుగింతలవుతుంది.)