మోకాలి గుజ్జుకు కణచికిత్స: ఎవరికి తగును?

‘మోకాలి గుజ్జు అరిగిపోయింది’ అని మనవారు సాధారణంగా చెప్పుకొనే మాటలో రెండు వేర్వేరు బాధలు కలిసిపోతుంటాయి. వయసుతో కీలంతా అరగడం ఒకటి. క్రిందపడినప్పుడో, ఆటలో మోకాలు మెలితిరిగినప్పుడో గుజ్జులో ఒకచోట గుంట పడడం మరొకటి. బెంగళూరులో కణచికిత్సను గురించి విచారించేవారు తమది ఈ రెండింటిలో ఏదో మొదట తెలుసుకోవాలి.

గుజ్జునే వైద్యులు మృదులాస్థి అంటారు. దానిలో రక్తనాళాలు లేవు. అందువల్ల చర్మపు గాయం మానినట్లు అది తనంతట తాను మానదు. ఈ సంగతిని విలియం హంటర్ 1743లోనే వ్రాశాడు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ వైద్యులు దీనికి ఒక మార్గం చూపారు. రోగి మోకాలిలోనే బరువు అంతగా పడని చోటినుండి చిన్న ముక్క తీసి, అందులోని కణాలను ప్రయోగశాలలో కొన్ని వారాలపాటు పెంచి, రెండవ శస్త్రచికిత్సలో గుంటలో నింపారు. 1994లో వారు 23 మంది ఫలితాలు ప్రకటించారు. తొడ ఎముక చివర గుంట ఉన్న 16 మందిలో 14 మందికి మంచి ఫలితం కలిగింది. మోకాలిచిప్ప వెనుక గుంట ఉన్న ఏడుగురిలో ఇద్దరికే. చికిత్స ఒకటే అయినా గుంట ఉన్న చోటును బట్టి ఫలితం మారింది.

మన దేశంలో ఈ పద్ధతికి చెందిన ‘కార్టిగ్రో’కు 2017లో ఔషధ నియంత్రణాధికారి అనుమతి లభించింది. బెంగళూరు సంస్థ స్టెంప్యూటిక్స్ రూపొందించి, 2022లో అనుమతి పొందిన ‘స్టెంప్యూసెల్’ వేరు. అది దాతల ఎముకమజ్జ కణాలతో చేసిన ఇంజెక్షన్. కీళ్ల అరుగుదలకు ఉద్దేశించినది. ప్రకటనలు ఈ రెండింటినీ ‘స్టెమ్‌సెల్’ అన్న ఒకే మాటతో కలిపేస్తే, ఏది ఇస్తున్నారో, దానికి ఏ అనుమతి ఉన్నదో అడిగి తెలుసుకోండి.

గుంటలో కణాలు నాటే చికిత్స సాధారణంగా యాభై ఏళ్లలోపు వారికి, మిగిలిన కీలు ఆరోగ్యంగా ఉన్నప్పుడు మాత్రమే చేస్తారు. కాలు వంకర ఉన్నా, లిగమెంటు తెగినా ముందుగా గాని, దానితోపాటే గాని సరిచేయాలి. కీలంతా అరిగినవారికి ఇది తగదు. శస్త్రచికిత్స తరువాత వారాలపాటు ఊతకర్రలు తప్పవు. బరువు పనులకు నెలలు ఆగాలి. సారువ ఎక్కే మేస్త్రీకి, మూటలు మోసే హమాలీకి చికిత్స ఖర్చుకన్న ఈ కూలినష్టమే పెద్ద ప్రశ్న కావచ్చు. దానిని వైద్యునితో ముందే చర్చించాలి.

జయనగరలోని సంజయ్‌గాంధీ ట్రామా, ఆర్థోపెడిక్స్ సంస్థ ప్రభుత్వానిది. రెండవ అభిప్రాయానికి అక్కడికి వెళ్లవచ్చు. ఎమ్మారై ఫిల్ములు, పాత చీటీలు వెంట తీసుకువెళ్లండి. ఎక్కడ చికిత్స చేయించుకున్నా, అంగీకారపత్రం కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఉంటే తెలిసినవారిచేత చదివించుకొని, పూర్తిగా అర్థమైన తరువాతనే సంతకం చేయండి.